సదాకో 644 దగ్గర ఆగిపోలేదు

హిరోషిమా మీద అణుబాంబు పడిన ఆగస్టు 6 దగ్గరపడితే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫొటో తిరగడం మొదలవుతుంది. హిరోషిమా శాంతి పార్కులోని కంచు విగ్రహం అది. మడత కొంగను రెండు చేతులతో తలపైకి ఎత్తి పట్టుకున్న అమ్మాయి. కింద కథ ఇలా ఉంటుంది: "బాంబు గాయాలతో ఆసుపత్రిలో చేరిన సదాకో ససాకి, వెయ్యి కాగితపు కొంగలు చేస్తే బతుకుతానని నమ్మింది. 644 చేసేసరికి కన్నుమూసింది. మిగతా 356 స్నేహితులు పూర్తిచేశారు. జపాన్ ప్రభుత్వం ఆమెకు ఈ విగ్రహం కట్టింది." చదివితే ఎవరికైనా గుండె చెరువవుతుంది. నాకూ అయింది. కానీ ఇందులో ముఖ్యమైన మాటలన్నీ తప్పే.

ముందు ఆ 644 సంగతి. 1977లో అమెరికాలో వచ్చిన ఒక పిల్లల నవల వల్ల ప్రపంచమంతా పాకిన లెక్క ఇది. నవలలో కల్పన ఉంటుంది, దానితో పేచీ లేదు. దాన్ని చరిత్ర అని పంచుకోవడంతోనే నా పేచీ. 1955 ఆగస్టు నెలాఖరుకే సదాకో వెయ్యి పూర్తిచేసింది. ఆ తర్వాత కూడా ఆపలేదు. మొత్తం 1,300 దాకా చేసిందని హిరోషిమా మ్యూజియం చెప్పింది, 1,400 దాకా ఉంటాయని సదాకో అన్నయ్య మసాహిరో చెప్పారు. స్నేహితులు పూర్తిచేయడానికి 356 మిగిలిందెక్కడ?

కాగితం దొరక్క మందుల పొట్లాలు దాచుకునేది. పక్క గదుల్లో రోగులకు వచ్చిన కానుకల మీది కాగితం అడిగి తెచ్చుకునేది. పోనుపోను కొంగలు ఎంత చిన్నవయ్యాయంటే, వేళ్లతో మడవడం కుదరక సూదిమొనతో మడతలు నొక్కింది. వేలిగోరంత కొంగలు.

ఒక్క అంకె మారితే ఏమైందని అడగొచ్చు. కథే తిరగబడుతుంది. 644 దగ్గర ఆపేస్తే, ఆ మిగతావి కూడా చేసుంటే బతికేదేమో అని మనసులో ఓ మూల అనిపిస్తుంది. జరిగింది అంతకంటే ఘోరం. ఆ పిల్ల వెయ్యీ చేసింది, ఇంకా చేసింది, అయినా అక్టోబరు 25న చనిపోయింది. రక్త క్యాన్సర్. పన్నెండేళ్ల వయసు.

ఇక "బాంబు గాయాలతో" అన్న మాట. 1945లో సదాకోకి రెండేళ్లు. వాళ్ల ఇల్లు బాంబు పేలిన చోటికి సుమారు మైలు దూరం. ఒంటి మీద చెప్పుకోదగ్గ దెబ్బే లేదు. తల్లి ఎత్తుకుని పారిపోతుంటే మీద నల్లవాన, అంటే బాంబు రేడియేషన్ ధూళి కలిసిన వాన, పడింది, అంతే. తర్వాత తొమ్మిదేళ్లు అందరు పిల్లల్లాగే పెరిగింది, ఆరో తరగతిలో క్లాసు రిలే జట్టులో పరుగెత్తింది. 1954 చివర్లో మెడ దగ్గర వాపు కనిపించింది. 1955 ఫిబ్రవరిలో రెడ్‌క్రాస్ ఆసుపత్రిలో చేర్చారు.

విగ్రహాన్ని ప్రభుత్వం కట్టిందనడం మాత్రం ఆమె క్లాస్‌మేట్లకు చేసే అన్యాయం. ఆ పిల్లలే కరపత్రాలు అచ్చు వేయించి, దేశం నలుమూలల నుంచి హిరోషిమాకు సమావేశానికి వచ్చిన హెడ్‌మాస్టర్లకు పంచారు. 3,100కి పైగా జపాన్ బడుల నుంచి, మరో తొమ్మిది దేశాల నుంచి విరాళాలు వచ్చాయి. శిల్పి కజువో కికుచి చేసిన విగ్రహాన్ని 1958 మే 5న, జపాన్ బాలల దినోత్సవం రోజున ఆవిష్కరించారు. తొమ్మిది మీటర్ల ఎత్తు. లోపల మొదట వేలాడిన గంటను ఇచ్చింది నోబెల్ పొందిన భౌతిక శాస్త్రవేత్త హిడెకి యుకావా.

ఇంకో మాట. జపనీస్‌లో దాని పేరు "గెంబాకు నో కో నో జో", అంటే అణుబాంబు పిల్లల విగ్రహం. పేరులో సదాకో లేదు. పైన కొంగ పట్టుకున్న అమ్మాయితో పాటు పక్కల మరో ఇద్దరు, ఒక బాబు, ఒక పాప, గాల్లో వేలాడుతున్నట్టు ఉంటారు. ఫార్వర్డ్ ఫొటోలో వాళ్లను కత్తిరించేస్తారు. అడుగున రాతి మీద పిల్లల మాటే చెక్కి ఉంటుంది: "ఇది మా కేక. ఇది మా ప్రార్థన. ప్రపంచంలో శాంతిని నిర్మించడానికి."