కొబ్బరినూనె ట్యాంకు

(మినియాపోలిస్. జనవరి ఆదివారం పొద్దున. బయట మైనస్ 12 డిగ్రీలు. కామాక్షి దోసెలు వేస్తోంది. సుబ్బారావు బొమ్మ ట్యాంకు రిమోటుతో లోపలికొచ్చాడు.)

సుబ్బారావు: ఏమోయ్, ఆ అట్లకాడ ఇలా ఇవ్వు.

కామాక్షి: పెనం మీద దోసె ఉంది. మీ పులికి మళ్ళీ ఏమొచ్చింది?

సుబ్బారావు: పులి కాదు, టైగర్! దిగబడింది. అసలు టైగర్, అదే రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ల ట్యాంకు, 57 టన్నులు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పదహారో వంతుకి తగ్గించి లెక్కకడితే 14 కిలోలుండాలి, మనది నాలుగే. అంత తేలికది మంచు మీద తేలాలా వద్దా?

కామాక్షి: తేలిందిగా, పొట్ట మీద! దాని పొట్టకింద జాగా ఎంత?

సుబ్బారావు: అసలుదానికి 47 సెంటీమీటర్లు. మనదానికి... మూడు లేదు.

కామాక్షి: రాత్రి పడ్డ మంచు జానెడు. పదహారుతో హెచ్చవేయండి. మూడు మీటర్ల పైమాటే! అందులోకి అసలు పులిని తోలినా అంతే.

సుబ్బారావు: చక్రాల సందుల్లో కూడా బిగుసుకుపోయిందిలే. యుద్ధంలో రష్యాకెళ్ళిన జర్మన్లకీ ఇదే బాధ. చక్రాలు ఒకదాని మీదికొకటి వచ్చేలా ఉంటాయి కదా, మధ్యలో దూరిన బురదా మంచూ రాత్రికి గడ్డకట్టి, తెల్లారేసరికి బండి మొరాయించేది.

కామాక్షి: ఎనభై ఏళ్ళనాటి సంగతి తెలిసి కూడా తోలారన్నమాట.

సుబ్బారావు: ముందుజాగ్రత్త పడ్డానే! మంచు అంటకుండా చైన్లకి నూనె రాశా.

కామాక్షి: ఏ నూనె?

సుబ్బారావు: బాత్రూంలో ఉంటుందే... నీలం డబ్బా.

కామాక్షి: కొబ్బరినూనా! ఇంట్లోనే వేణ్ణీళ్ళలో పెడితేగానీ కరగదది. చైన్లకి మైనం పూసి పంపారు!

సుబ్బారావు: పోనీ, నున్నటి ఐసు మీద బ్రహ్మాండంగా పోయింది. ఉత్త చైను జారుతుందని చిన్న స్క్రూలు బిగించా, మొనలు పట్టుకున్నాయి.

కామాక్షి: స్క్రూలెక్కడివి? ...అందుకా నిన్న దేవుడి అర ఓ పక్కకి ఒరిగింది!

సుబ్బారావు: నాలుగే తీశానే. ఇంకోటి, చలికి మొదటి బ్యాటరీ పావుగంటకే నీరసించింది. లిథియంది కదా, చల్లగా ఉండగా చార్జింగు పెడితే పాడవుతుంది. వెచ్చబడాలని ఓవెన్లో లైటు వేసి...

కామాక్షి: నా పెరుగు తోడుకుంటున్నచోటా! చూసుకోకుండా వెలిగించి ఉంటేనో? తీయండి ముందు! ఇదిగో పార. కారు బయటికి రావాలి, దారంతా తవ్వండి.

సుబ్బారావు: మరి టైగర్?

కామాక్షి: అది దారికి అడ్డంగానే ఉందిగా, తవ్వుతూ పోతే మీకే తగులుతుంది.

(సుబ్బారావు పార భుజాన వేసుకుని గడప దాటాడు.)

కామాక్షి: ఏమండీ... దోసె మాడుతోంది, అట్లకాడేదీ?