డ్రైవర్ వైపు డోర్ ప్యాడ్ గారికి

శ్రీకాకుళం

మహారాజశ్రీ డోర్ ప్యాడ్ గారికి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం అడగడం లేదు. దాన్ని చెడగొట్టినవాణ్ణి నేనే కాబట్టి అడిగితే బాగుండదు.

పరిచయాలు అక్కర్లేదు. కారు డోరుకి లోపలి వైపు బిగించిన అట్ట తమరు, పదకొండేళ్లుగా నా కుడి మోచెయ్యి తమరి మీదే ఉంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న 2004 మోడల్ కారు, హైస్కూల్లో లెక్కలు చెప్పుకునే నేను, మధ్యలో తమరు. నా చెమటకి ముందు రంగు పోయింది. తర్వాత రెగ్జిన్ పెళుసెక్కి చీలింది. ఆపైన పెచ్చులు లేచాయి. చొక్కా చేతికి అంటిన నల్లపొడి చూసి మా ఆవిడ, "ఏవండీ, మీరు బోర్డు మీద రాసేది తెల్ల సుద్దతోనే కదా?" అని అనుమానంగా అడిగేది.

తప్పంతా నా చెమటదే కాదు. మన ఊరు సూర్యుడి ఊరు. అరసవల్లిలో ఉదయకిరణాలు మూలవిరాట్టు పాదాలు తాకేది మార్చిలో కొన్ని రోజులు, అక్టోబరులో కొన్ని రోజులు. ఆ పూట మబ్బు పట్టిందా, అదీ లేదు. తమరికలా కాదు. నేను కారు పెట్టే ప్రహరీ పక్కన చెట్టన్నది లేదు గనక, స్వామివారు రోజూ పది నుంచి నాలుగు దాకా తమరి పాదాలే కాదు, ఆపాదమస్తకం తాకుతూనే ఉన్నారు. రెగ్జిన్ అంటే గుడ్డ మీద పూసిన పీవీసీ. దాన్ని మెత్తగా ఉంచే నూనెలాంటి సరుకు ఒకటి ఉంటుంది, అది ఎండకి కొంచెం కొంచెంగా ఆవిరైపోతుంది. ముందు అద్దానికి లోపలి వైపు పట్టే జిడ్డులో కొంత అదే. అంటే ఇన్నేళ్లూ నేను తడిగుడ్డతో తుడిచి పారేసింది తమరి యవ్వనాన్నే.

అయినా పట్టించుకునేవాణ్ణి కాదు. రథసప్తమికి విశాఖపట్నం నుంచి మా తోడల్లుడు దిగాడు. కారెక్కబోతూ తమరి పెచ్చు ఒకటి గోటితో గిల్లి, "అన్నయ్యా, డోరుకి తట్టు పోసిందేటి? వేపమండలు కట్టకపోయావా!" అన్నాడు. వెనక సీట్లో మా ఆవిడా, ఆవిడ చెల్లెలూ కలిసి నవ్వారు. మా ఆవిడ కాస్త ఎక్కువే నవ్వింది.

మర్నాడే సీట్ల పని చేసే షాపుకి వెళ్లాను. నాలుగు డోర్లకీ కలిపి నాలుగు వేల ఎనిమిది వందలన్నాడు పెద్దాయన. ధర న్యాయమైనదే. ఆ సంగతి ఇప్పుడు రాయగలుగుతున్నాను. అప్పుడు మాత్రం, "నాలుగు అట్టలకి రెగ్జిన్ అంటించడానికి అంతా? నోటుబుక్కులకి అట్టలు వేసుకున్నవాళ్లం కామా మనం!" అనుకుంటూ ఇంటికొచ్చాను. లెక్క వేశాను. రెగ్జిన్ మూడు మీటర్లు 720, పల్చటి ఫోమ్ 180, గమ్ము 90, విరిగితే వేయడానికి ప్లాస్టిక్ క్లిప్పులు ఇరవై 160. మొత్తం 1,150. మిగులు 3,650. ఆ మిగులుతో ఏం కొనాలో కూడా ఆ రాత్రే అనేసుకున్నాం.

ఇక్కడి నుంచి నిన్ను నువ్వనే అంటాను, ఏమీ అనుకోకు. మోకాళ్ల మీద కూర్చుని నీ స్క్రూలు విప్పినవాణ్ణి, ఆ మాత్రం చనువు ఉంటుంది.

స్క్రూలు తేలిగ్గానే వచ్చాయి. గ్లాసు తిప్పే హ్యాండిల్ దగ్గర అసలు కథ మొదలైంది. దాని వెనక గుర్రపు నాడా ఆకారంలో సన్నటి తీగ లాకు ఉంటుంది. పాత గుడ్డ పీలికని హ్యాండిల్ వెనక దూర్చి, బూట్లకి పాలిష్ కొట్టినట్టు అటూ ఇటూ లాగితే లాకు ఊడి వస్తుంది. వచ్చింది కూడా. టింగుమని వచ్చి, నా చెవి పక్క నుంచి వెళ్లి, ఎటు పోయిందో పోయింది. స్కూలు ల్యాబులోంచి అయస్కాంతం తెచ్చి వాకిలంతా దువ్వాను. రెండు మేకులు, ఒక పిన్నీసు, ఎవరిదో కాలి మెట్టె దొరికాయి. మెట్టె అయస్కాంతానికి అంటుకుందంటే వెండిది కాదన్నమాట. ఎవరిదో నేను విచారించలేదు.

క్లిప్పుల సంగతి క్లుప్తంగా చెప్తాను. పదకొండింట్లో ఏడు విరిగాయి.

అప్పుడు నిన్ను మొదటిసారి వెనక నుంచి చూశాను. నాకు నోట మాట రాలేదు. గోధుమరంగు, ఒకవైపు నున్నన, రెండోవైపు గళ్లగళ్ల అచ్చు. ఇది నాకు తెలుసు! పదో తరగతి పిల్లలు పరీక్ష హాల్లోకి తెచ్చుకునే ప్యాడ్ అట్ట! క్లిప్పు పైన ఒక్కటి ఉంటే పరీక్ష ప్యాడ్, చుట్టూ పదకొండు ఉంటే డోర్ ప్యాడ్. ఈ అట్ట మీదా నేను ఇన్నేళ్లు దర్జాగా చెయ్యి వేసుకుని ఏడు రోడ్ల కూడలి దాటింది? కారున్నవాడినని పెళ్లిళ్లలో ముందు వరసలో కూర్చుంది?

ఆ నిస్పృహలోనే ఒక ఘోరం చేశాను. నీ వెనక, డోరు రేకుకి నల్లటి జిగురుతో అతికించి ఒక పాలిథీన్ షీటు ఉంది. మురికి పట్టి, ముట్టుకుంటే చేతులకి నల్లగా అంటింది. ఎవరో పార్సిల్ కాగితం మర్చిపోయి ఉంటారనుకున్నాను. నాలుగు డోర్లవీ పీకి, ఉండ చుట్టి, చెత్తబండిలో వేశాను. ఈ ముక్క గుర్తు పెట్టుకో, మళ్లీ వస్తుంది.

ఇక గమ్ము. తొంభై రూపాయలు పెట్టి కొన్నది చెక్కపనికి వాడే తెల్ల గమ్ము. అది ఆరాలంటే అందులోని నీరు బయటికి పోవాలి. రెగ్జిన్ కింద చిక్కిన నీరు ఎటు పోతుంది? పైగా ఎండలో నిలబెట్టిన కారు లోపలి వేడికి అది మళ్లీ మెత్తబడుతుంది. ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం బడి విడిచి వచ్చి చూస్తే నీ రెగ్జిన్ పైనుంచి ఊడి, పక్కింటి డాబా మీద ఆరేసిన దుప్పటిలా వేలాడుతోంది. మిగతా మూడూ అదే వరసలో ఉన్నాయి.

రెండోసారి చెప్పులు కుట్టే ఆయన్ని అడిగి, పసుపురంగు సొల్యూషన్ తెచ్చాను. అరలీటరు 210. దీని పద్ధతి వేరు. రెగ్జిన్ వెనకా పూయాలి, అట్ట మీదా పూయాలి, పది పదిహేను నిమిషాలు ఆగాలి, వేలు పెడితే తడి అంటకూడదు, అప్పుడు కలపాలి. తలుపులన్నీ తీసే పెట్టుకోవాలి, లేకపోతే ఆ వాసనకి తల తిరుగుతుంది. కలిపాక మాత్రం సర్దుబాట్లు లేవు. వంకరగా తగిలిందా, ఆ వంకరతోనే ఉంటుంది. మా పెద్దత్తయ్య ఒకసారి మాటన్నదంటే అంతే, ఎవరు బతిమాలినా జరగదు. సొల్యూషనూ ఆవిడ జాతే.

చెయ్యి ఆనే చోట వంపు ఉంది చూశావూ, అక్కడ నా జామెట్రీ చేతులెత్తేసింది. బల్లపరుపు గుడ్డని వంపు మీద పరిస్తే ముడత పడుతుంది. రోజూ పిల్లలకి ప్రపంచ పటం చూపించే సోషల్ మాస్టారికి ఈ బాధ తెలిసే ఉంటుంది. అమ్మాయి హెయిర్ డ్రయ్యర్‌తో రెగ్జిన్‌ని వెచ్చబెట్టి సాగదీయాలి. అంచు వెనక్కి మడిచేటప్పుడు వంపుల దగ్గర చిన్న చిన్న గాట్లు పెట్టాలి. నేను ఒక గాటు అర అంగుళం ఎక్కువ పెట్టాను. ఆ మూల ఇప్పటికీ అట్ట కనిపిస్తోంది. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి ఏకి, వెంట్రుకంత సన్నటి నూలు వడికే చేతులున్న జిల్లా ఇది. అందులో పుట్టిన నాకు మూరెడు రెగ్జిన్ సాపుగా అతకడం రాలేదు. వేలెత్తి చూపడానికి ఈ జిల్లాలో నన్ను మించినవాడు లేడు.

ఇంకో తెలివి కూడా చూపించాను. మోచేతికి సుఖంగా ఉంటుందని నీకు మాత్రం ఫోమ్ రెండు పొరలు వేశాను. నువ్వు లావెక్కావు. గ్లాసు హ్యాండిల్ ఎక్కాల్సిన ఇరుసు నీ వెనకే ఉండిపోయింది. లాకు పడదు, హ్యాండిల్ నిలవదు. మళ్లీ విప్పి, ఒక పొర కోసి, మళ్లీ అతికాను. మిగతా నాలుగు క్లిప్పులూ ఆ రోజు పోయాయి.

మే నాటికి నువ్వు దూరం నుంచి చూస్తే బాగానే ఉన్నావు. ఫోటో తీసి తోడల్లుడికి పంపాను. "సూపర్ అన్నయ్యా" అన్నాడు.

జూన్‌లో వానలు పడ్డాయి.

గ్లాసు పక్క రబ్బరు సందులోంచి వాన నీరు డోరు లోపలికి దిగుతుందట. ప్రతి కారులోనూ దిగుతుందట. దిగి, అడుగున ఉన్న కన్నాల్లోంచి బయటికి పోతుంది. మధ్యలో అట్టకి తగలకుండా కాపాడేది ఒక పాలిథీన్ షీటు. నల్లటి జిగురుతో అతికించి ఉంటుంది. చెత్తబండి ఏ వైపు వెళ్లిందో నాకు జ్ఞాపకం కూడా లేదు.

నువ్వు నాలుగు రోజుల్లో పూరీలా పొంగావు. క్లిప్పులు ఒక్కొక్కటే టప్ టప్‌మని వదిలేశాయి. ఆఖరికి ఏడు రోడ్ల కూడలిలో, ఏ రోడ్డు వాడు ముందు దూరతాడా అని అందరూ అందర్నీ చూసుకునే ఆ ఘడియలో, నువ్వు ఊడి నా ఒళ్లో పడ్డావు. పక్కన బైకు మీద మా స్కూల్లో చదివిన కుర్రాడు. "మాస్టారూ, మీ డోరు ఊడిపోనాది!" అని కూడలి మొత్తానికీ వినిపించేలా చెప్పాడు. క్లాసులో ఏనాడూ నోరు తెరిచి సమాధానం చెప్పినవాడు కాదు.

నిన్ను చంకలో పెట్టుకుని షాపు పెద్దాయన దగ్గరికే వెళ్లాను. ఆయన నీ ముడతలు చూడలేదు, నా వంకర గాటు చూడలేదు. కారు దగ్గరికొచ్చి, డోరు లోపలికి తొంగి చూసి, "లోపలి కాగితం ఏది బాబూ?" అని ఒక్కటే అడిగాడు. పారేశానన్నాను. నా మొహం కాసేపు చూసి, "అసలుది పారేసి, దీన్ని అతికినారా!" అన్నాడు.

కొత్త అట్ట కోసి, కొత్త రెగ్జిన్ వేసి, మందపాటి పాలిథీన్ అతికి, నీ ఒక్క డోరుకీ 1,400 తీసుకున్నాడు. మిగతా మూడింటికీ షీట్లు నన్నే కోసుకోమని కొలత చెప్పాడు. అగ్గిపుల్ల పెట్టి అడుగు కన్నాల్లో మట్టి కూడా తీయించాడు. నా చేతే.

ఇప్పుడు నువ్వు నిగనిగలాడుతున్నావు. నీ తోబుట్టువులు ముగ్గురూ నా ముడతలతోనే తిరుగుతున్నారు. వచ్చే రథసప్తమికి తోడల్లుడు వస్తే స్టీరింగ్ అతనికే ఇచ్చి, నీ పక్కన కూర్చోబెడదామనుకుంటున్నాను. తక్కిన డోర్లు నేనే దిగి తీస్తాను, నేనే వేస్తాను. మర్యాద చేస్తున్నాననుకుంటాడు.

ఇట్లు
తమరి మీద ఆధారపడిన
కుడి మోచెయ్యి

తా.క. హ్యాండిల్ లాకు దొరికింది. తులసికోటలో పడిందట. మా అమ్మ దాన్ని వంచి, దేవుడి గదిలో క్యాలెండరుకి కొక్కెంగా పెట్టుకుంది. అడిగితే ఇవ్వనంటోంది.