ఏటా అయిపోయే ఏసీ గ్యాసు గారికి

మహారాజశ్రీ ఆర్-32 గ్యాసు గారి దివ్యసముఖానికి,

విజయవాడలో ఒక అపార్ట్‌మెంటు పై అంతస్తు, పడమటి గది నుంచి నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమెవరమూ క్షేమంగా లేము. తమరు ఎక్కడున్నారో తెలిస్తే తమరి క్షేమం కూడా అడిగేవాడిని. తమరు మళ్లీ అయిపోయారని నిన్న సాయంత్రమే తెలిసింది.

ఆ కబురు మోసుకొచ్చే మనిషి కోసం ఆఫీసుకు సెలవు పెట్టి కూర్చున్నాను. పది నుంచి రెండు లోపల వస్తారని మెసేజ్. రెండు దాటాక "టెక్నీషియన్ దారిలో ఉన్నారు" అని ఇంకో మెసేజ్. ఏ దారిలోనో రాయలేదు. మూడున్నరకి "మీ సర్వీసు విజయవంతంగా పూర్తయింది, ఐదు స్టార్లు ఇవ్వండి" అని వచ్చింది. అప్పటికి మా ఇంటి బెల్లు ఎవరూ కొట్టలేదు. నాలుగు దాటాక ఒక కుర్రాడు వచ్చాడు. లోపలి యూనిట్ ముందు అరచెయ్యి పెట్టాడు. కిటికీలోంచి వంగి బయటి పైపు తాకాడు. చెప్పులు విప్పుకోవడానికి పట్టినంత సేపు కూడా పట్టలేదు.

"గ్యాస్ అయిపోయింది సార్."

అయ్యా, తమరిని అడిగేది ఒక్కటే. తమరు ఎలా అయిపోతారు?

మా వంటింట్లో ఒక సిలిండరు ఉంది. అందులోది మండుతుంది, పప్పు ఉడుకుతుంది, కొన్నాళ్లకి అయిపోతుంది, బుక్ చేస్తే ఇంకోటి వస్తుంది. అందులో న్యాయముంది. తమరి పని మండడం కాదు కదా. తమరి ఉద్యోగమల్లా రాగి గొట్టాల్లో తిరగడం. గదిలో ఉన్న కాయిల్లోకి వచ్చి మరిగి మా వేడి లాక్కుంటారు. కంప్రెసర్ తమరిని నొక్కి బయటికి తోస్తుంది. బయట ఆ వేడి దించేసి మళ్లీ ద్రవమైపోతారు. సన్నపైపులోంచి మళ్లీ లోపలికి. ఇందులో ఖర్చయ్యే ఘట్టం ఏదీ లేదు. ఫ్యాక్టరీలో తమరిని ఎన్ని గ్రాములు పోశారో బయటి యూనిట్ పక్క రేకు మీద అచ్చేసి మరీ ఉంది. కిలోకి కాస్త అటూ ఇటూ. ఆ కిలోతోనే ఏసీ జీవితమంతా గడిచిపోవాలి.

నమ్మకం లేకపోతే మా ఫ్రిజ్‌ని అడగండి. మా పెళ్లికి కొన్నది. పనంతా తమరు చేసే పనే, పైగా రాత్రీ పగలూ చేస్తుంది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా "నా గ్యాసు అయిపోయింది" అనలేదు. దాని గొట్టాలు అతుకు పెట్టి మూసేశారు కాబట్టి. మీ గొట్టాలకి మాత్రం ఇంటికొచ్చి నట్లు బిగించారు. "ఇన్‌స్టలేషన్ ఫ్రీ" అని చెప్పి, పైపు మూడు మీటర్లు దాటిందని అడుగుకింత అని వసూలు చేసి మరీ బిగించారు.

ఇదంతా ఆ కుర్రాడితో అనకుండా ఉండలేకపోయాను.

"కిందటేడు కూడా పోశారు కదా బాబూ, అదేమైంది?"

"వాడేశారు కదా సార్."

వాడేశామట! పెరుగన్నంలో కలుపుకుని తిన్నామా?

ఎక్కడికీ పోలేనిది పోయిందంటే దానికి దారి ఒక్కటే. ఎక్కడో కన్నం ఉంది. ఆ కన్నం ఎక్కడుందో నాకు తెలుసు కూడా. కుర్రాడి కోసం ఎదురుచూస్తూ ఊరికే కూర్చోలేక కిటికీలోంచి తల బయటపెట్టి చూశాను. బయటి యూనిట్‌కి సన్నపైపు కలిసేచోట ఇత్తడి నట్టు ఉంటుంది. దాని చుట్టూ రూపాయి బిళ్లంత మేర జిడ్డు, ఆ జిడ్డు మీద నల్లటి దుమ్ము పేరుకుని ఉంది. పక్కనున్న లావుపైపు నట్టు మాత్రం కొత్తదానిలా మెరుస్తోంది. అదే కుర్రాడికి చూపించాను.

"అది కామన్ సార్. కంప్రెసర్ ఆయిలే."

కంప్రెసర్ ఆయిలే. నేనూ అదే అంటున్నాను. కంప్రెసర్ లోపల ఉండాల్సిన ఆయిలు బయట నట్టు మీద ఏం చేస్తోంది? తమరితో పాటు గొట్టాల్లో తిరిగే ఆయిలు అది. అది బయటికి వచ్చిన కన్నంలోంచే తమరూ వెళ్లిపోయారు. పోతూ పోతూ సంతకం కూడా పెట్టి పోయారు. ఆ సంతకం చూస్తూ కూడా ఆ కుర్రాడు "మైక్రో లీక్ సార్, కనపడదు" అన్నాడు.

ఇక మర్యాద నా వల్ల కాదు. ఇక్కణ్ణుంచి నువ్వు అనే పిలుస్తాను.

నిన్ను ఎలా నింపాలో అందరికీ తెలుసు. ముందు నైట్రోజన్ ఎక్కించి ప్రెషర్ నిలబడుతుందో లేదో చూడాలి. సబ్బునీళ్లు రాసి లీకు పట్టుకోవాలి, అది సరిచెయ్యాలి. వ్యాక్యూమ్ పంపు పెట్టి లోపలి గాలీ తేమా లాగేయాలి. అప్పుడు రేకు మీద రాసిన గ్రాములు కాటా మీద తూచి పొయ్యాలి. నిన్న జరిగిందేమిటంటే, ఒక చిన్న డబ్బా, ఒక గొట్టం, ఒక గేజి. ముల్లు లేచింది. "140 వచ్చింది సార్, చాలు." మాది ఇన్వర్టర్ ఏసీ. కంప్రెసర్ వేగం మారినప్పుడల్లా ఆ ముల్లూ మారుతుంది, ఒక్క అంకె చూసి ఎంత పట్టిందో తేల్చలేరు. కాటా ఏది బాబూ అంటే "ఎక్స్‌పీరియన్స్ సార్" అన్నాడు. మూడు వేలు.

దీనికి తోడు నీ డబ్బా మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ ఒకటి. ఎకో ఫ్రెండ్లీ! మీ వంశం సంగతి నాకు తెలియదా? మీ పెద్దాయన ఆర్-22 ఓజోన్ పొరని తినేస్తున్నాడని 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద ఇంటికి పంపిస్తున్నారు. తర్వాత వచ్చిన ఆర్-410ఎ ఓజోన్ జోలికి పోలేదు కానీ, కార్బన్ డయాక్సైడ్ కంటే రెండు వేల రెట్లు వేడి పట్టి ఉంచే రకం. మీలాంటి వాళ్లని తగ్గించాలనే 2016లో రువాండా రాజధాని కిగాలీలో దేశాలన్నీ కూర్చుని మాట్లాడుకున్నాయి. నువ్వు వాళ్లలో మెరుగే, 675 రెట్లే. కానీ ఆ మెరుగంతా నువ్వు గొట్టంలో ఉన్నంతసేపే. ఏటా కన్నంలోంచి ఆకాశంలోకి పోతూ ఉంటే, నా ఒక్క గది చల్లబరచడానికి ఊరంతటి మీదా దుప్పటి కప్పుతున్నట్టే. ఆ ఆకు బొమ్మ చెరిపేసుకో.

నీ ఒక్కడిదే తప్పని అనను. లోపలి యూనిట్ మూత మీద అతికించిన స్టార్ల సంగతి చూడు. ఐదు స్టార్లని నాలుగు వేలు ఎక్కువ పోసి కొన్నాం. ఆ స్టార్లు గ్యాసు నిండుగా ఉన్నప్పుడు లెక్కకట్టినవి. నువ్వు సగం ఖాళీ అయ్యాక కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది, మీటరు దానికన్నా వేగంగా తిరుగుతుంది, స్టిక్కరు మాత్రం ఐదు స్టార్లతో నవ్వుతూనే ఉంటుంది. 2020 నుంచి స్టార్ లేబుల్ ఉన్న ఏసీలన్నీ ఆన్ చెయ్యగానే 24 దగ్గర మొదలవ్వాలని రూలు పెట్టారు. ఒక్కో డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కరెంటు మిగులుతుందట. మా బావగారు వచ్చారంటే రిమోట్ అందుకుని 16కి దించుతారు. 16 పెడితే గది త్వరగా చల్లబడదని, ఆలస్యంగా ఆగుతుందని ఎన్నిసార్లు చెప్పినా ఆయనది "మనకి చల్లగా ఉండాలి బాస్" అనే వాదన.

శ్లాబు ఇంకో శత్రువు. పొద్దుటి నుంచి ఎండ తాగి రాత్రి రెండింటి దాకా కక్కుతూనే ఉంటుంది. పైన తెల్ల పూత వేయిద్దామని అసోసియేషన్ మీటింగులో అన్నాను. తెలంగాణ వాళ్లు 2023లో కూల్ రూఫ్ పాలసీయే తెచ్చారని కూడా చెప్పాను. "మా ఇంట్లో అసలు వేడే లేదండీ" అని మొదటి అంతస్తు వాళ్లు అన్నారు. లిఫ్టు ఖర్చు పంచుకునేటప్పుడు కూడా వాళ్లు ఇలాంటి మాటే అంటారు.

మరి కూలరు పెట్టుకోవచ్చు కదా అని కరీంనగర్ చుట్టాలు సలహా ఇస్తారు. వాళ్లది పొడి ఎండ, వాళ్లకి పనిచేస్తుంది. కృష్ణ ఒడ్డున గాలిలోనే నీళ్లున్నాయి. ఆ ఉక్కపోతలో ఇంకాస్త తడి కలిపితే ఒంటి మీది చెమట ఆరడానికి కూడా చోటుండదు.

గాలి సంగతి ఎత్తితే నీ మీద ఇంకో కేసు పెట్టాలి. నీ చల్లదనం పోకూడదని కిటికీలన్నీ బిగించి, తలుపు కింద పాత టవల్ దోపి, నలుగురం ఒకే గదిలో పడుకుంటాం. నువ్వు బయటి గాలి ఒక్క గుక్కైనా లోపలికి తేవు, ఉన్నదాన్నే తిప్పి తిప్పి ఊదుతావు. ఎవరు వదిలిన ఊపిరి ఎవరు పీలుస్తున్నారో తెలియదు. దానికి దోమల కాయిల్ పొగ, వంటింట్లోంచి వచ్చిన పోపు ఘాటు తోడు. పొద్దున్నే నలుగురికీ తల బరువు. పెట్టె మీద "పీఎం 2.5 ఫిల్టర్" అని ఉంది. నిన్న సెలవు ఉంది కదా అని ఆ ఫిల్టరు తీసి కుళాయి కింద పెట్టాను. దిండు దూదీ, వెంట్రుకలూ, నూనె జిడ్డూ కలిసి ముద్దగా ఊడివచ్చింది, కింద నీళ్లు కాఫీ రంగులో పోయాయి. అది కడిగాక గాలి కొంచెం వేగం అందుకుంది. ఆ కుర్రాడు ఫిల్టరు ఊసే ఎత్తలేదు. ఎత్తితే అది ఫ్రీ సర్వీసు అవుతుంది కదా.

అయినా ఆ కుర్రాడి మీద కోపం నిలవలేదు. మా బిల్డరు గారు బయటి యూనిట్‌కి చోటు వదలడం మర్చిపోయారు. కాబట్టి దాన్ని నాలుగో అంతస్తు సన్‌షేడ్ పక్కన గోడకి వేలాడదీశారు. కుర్రాడు అక్కడికి దిగాడు. నడుముకి తాడు లేదు. ఒక చేత్తో కిటికీ గ్రిల్లు, ఇంకో చేత్తో స్పానర్. సిమెంటు అరికాళ్లు కాలుస్తుంటే కాళ్లు మార్చి మార్చి నిలబడ్డాడు. లోపలికొచ్చి లీటరు సీసా ఎత్తి ఒక్క గుక్కన తాగేశాడు.

"లీకు వెతికితే రెండు గంటలు పోతాయి సార్. దానికి నాకేమీ రాదు. గ్యాస్ కొడితే ఇన్సెంటివ్ వస్తుంది. ఇంకా ఆరు కాల్స్ ఉన్నాయి" అన్నాడు.

సిగ్గుండాలి! ఆ కుర్రాడికి కాదు, ఇలా లెక్క కట్టినవాళ్లకి. కన్నం మూస్తే పైసా రాదు, కన్నం వదిలేస్తే ఏటా మూడు వేలు వస్తాయి. ఆ కన్నాన్ని పొరపాటున వదిలేయడం లేదు, పెంచుకుంటున్నారు. తాడివ్వరు, కాటా ఇవ్వరు, రెండు గంటలివ్వరు. డబ్బా ఒకటి చేతిలో పెట్టి మండుటెండలో గోడెక్కిస్తారు. పడితే వాడి కర్మ, లీకైతే మా కర్మ.

నిన్ను తిట్టడానికి కూర్చున్నాను కానీ నిజం చెప్పాలి. రాత్రి ఎనిమిదింటికి నువ్వు మళ్లీ గొట్టాల్లో పరుగెత్తడం మొదలెట్టాక మా అత్తగారు తాటాకు విసనకర్ర మంచం కింద పడేసి, "ఆ పిల్లాడెవరో గానీ చల్లగా ఉండాలి" అన్నారు. నాకూ ప్రాణం లేచి వచ్చింది. నువ్వు లేని రెండు రాత్రులు ఈ ఇంట్లో ఎవరు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. నీతో వచ్చిన చిక్కే అది. నీ మీద కోపం తీర్చుకోవాలంటే ముందు నిన్ను ఆపెయ్యాలి, ఆ ధైర్యం మే నెలలో ఎవరికుంటుంది?

అందుకని కోపం వేరేలా తీర్చుకున్నాను. ఈ పొద్దున గిన్నెల సబ్బు నీళ్లలో కలిపి, పాత పెయింటు బ్రష్షు ఒక కర్రకి కట్టి, కిటికీలోంచే ఆ ఇత్తడి నట్టుకి రాశాను. నిమిషం తిరక్కుండా బుడగలు లేచాయి. ఒకటి పగిలితే ఇంకోటి. కనపడని మైక్రో లీకు వీడియోలో బ్రహ్మాండంగా కనపడింది. దాన్ని ఆ సర్వీసు కంపెనీ వాళ్లకి పంపాను. జవాబు వెంటనే వచ్చింది, ఇలాంటి వాటికి మాత్రం వెంటనే వస్తుంది. లీకు వెతకడం వేరే సర్వీసట, దాని చార్జీ వేరట. లీకు సరిచెయ్యాలంటే ఉన్న గ్యాసు తీసేయాలట, తీశాక మళ్లీ నింపాలట, నింపితే మళ్లీ డబ్బులట. నిన్న పోసిన గ్యాసుకి వారంటీ ఉంది కదా అంటే ఉందన్నారు, ముప్పై రోజులు. అంటే రోహిణి కార్తె పూర్తవకముందే అది ముగుస్తుంది.

కాబట్టి నాదొక మనవి. ఆ మృగశిర వచ్చేదాకా ఓపిక పట్టు. నట్టు దగ్గరికి వచ్చినప్పుడు కాస్త పక్కకి చూసుకుంటూ వెళ్లు. నేను ఈలోగా తాడు, కాటా, నైట్రోజన్ సిలిండరు మూడూ ఉన్న మెకానిక్ ఈ ఊళ్లో ఎవరున్నారో వెతుకుతాను. దొరికితే నువ్వు జీవితాంతం మా ఇంట్లోనే ఉందువుగాని.

ఇట్లు,
తమరిని ఏటా కొత్తగా కొనుక్కుంటున్న యజమాని

తా.క. నిన్నటి బిల్లు ఇప్పుడే సరిగ్గా చూశాను. "గ్యాస్ చార్జింగ్" అని రాసి, పరిమాణం అన్నచోట "1" అని వేశారు. ఒకటి ఏమిటి? కిలోనా, డబ్బానా, సంవత్సరమా?