గేటుకు లోపలా బయటా

తెలుగు రాష్ట్రాల్లో పెద్ద రైతుబజారు ఏదైనా సరే, గేటు దగ్గర ఒక తగవు తప్పకుండా ఉంటుంది. లోపల స్టాల్ ఉన్న రైతు ‘కొనేవాళ్లంతా బయటే ఆగిపోతున్నారు, మా సరుకు వాడిపోతోంది’ అంటాడు. గేటు ముందు తోపుడు బండి పెట్టుకున్న మనిషి ‘లోపల చోటివ్వరు, బయట నిలబడనివ్వరు, మేం ఎక్కడికి పోవాలి’ అంటాడు. ఫిర్యాదు వెళ్తుంది, మున్సిపాలిటీ లారీ వస్తుంది, కాటాలూ గంపలూ ఎత్తుకెళ్తారు. నాలుగు రోజులు తిరక్కుండానే బండ్లు మళ్లీ అక్కడికే చేరతాయి. ఏళ్ల తరబడి ఇదే తంతు. ఈ ఇద్దరి మాటలోనూ న్యాయముందని మేం నమ్ముతున్నాం. ఇద్దరి కోసమూ నిబంధనలు ఎప్పుడో రాసిపెట్టారు. వాటిని పట్టించుకునేవాళ్లు లేకనే ఇద్దరు పేదవాళ్లు గేటు దగ్గర ఒకరి గొంతు ఒకరు పట్టుకుంటున్నారు.

ముందు లోపలి సంగతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న రైతుబజార్లు మొదలైనప్పుడు ఉద్దేశం చాలా స్పష్టంగా ఉంది. రైతు తను పండించిన కూరగాయలు తనే తెచ్చి, దళారీ లేకుండా, కమిషన్ కట్టకుండా అమ్ముకోవాలి. టోకు ధరకన్నా సుమారు పాతిక శాతం ఎక్కువ రైతుకు దక్కాలి, బయటి చిల్లర ధరకన్నా పాతిక శాతం తక్కువకు కొనేవాళ్లకు దొరకాలి. ఆ లెక్కతోనే పొద్దున్నే ధరలు నిర్ణయించి బోర్డుమీద రాసేవారు. గంపలతో వచ్చే రైతుల కోసం ఆర్టీసీ బస్సులు కూడా నడిపారు. మెహిదీపట్నం, కూకట్‌పల్లి, విశాఖ ఎంవీపీ కాలనీ రైతుబజార్లు ఆ పేటల్లో రోజువారీ జీవితంలో భాగమైపోయాయి. 2023 వేసవి చివర టమాటా కిలో వంద దాటినప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కిలో 50 రూపాయలకు అమ్మించిందీ రైతుబజార్లలోనే. కష్టకాలంలో ప్రభుత్వానికి అక్కరకొచ్చిన ఈ ఏర్పాటు మామూలు రోజుల్లో ఎందుకు గాలికి పోతోంది?

అసలు జబ్బు బినామీ స్టాళ్లు. రైతు ఏ ఊరివాడు, ఎంత పొలముంది, ఏం పంట వేశాడు అని రెవెన్యూ, ఉద్యాన, వ్యవసాయ సిబ్బంది చూసి ఫొటోతో గుర్తింపు కార్డు ఇస్తారు. ఆ కార్డు ఉన్నవాళ్లకే స్టాల్. కాగితం మీద ఇంతకన్నా మంచి పద్ధతి ఉండదు. కానీ కార్డు ఒకరిది, కాటా దగ్గర కూర్చునేది మరొకరు అనే పరిస్థితి చాలాచోట్ల ఉంది. తెల్లారుజామున హోల్‌సేల్ మార్కెట్లో సరుకు కొని, రైతు పేరుమీద ఉన్న స్టాల్లో అమ్మేవాళ్లు పాతుకుపోయారు. దీన్ని పట్టుకోవడానికి పెద్ద విచారణ అక్కర్లేదు. ఉల్లి, బంగాళాదుంప లాంటివి అమ్ముకోవడానికి మహిళా సంఘాలకు విడిగా స్టాళ్లు ఇవ్వడం మొదటినుంచీ ఉన్నదే, దానికి మా అభ్యంతరం లేదు. కానీ ఎకరం పొలమున్న రైతు కార్డుమీద ఏడాది పొడుగునా డజను రకాల కూరగాయలు, అందులో మన ఎండల్లో సులువుగా పండని క్యారెట్టూ బీన్సూ కూడా, రోజూ అమ్ముడవుతుంటే అవి ఏ చేలోవి? రైతుబజారు నిర్వహణ చూసే ఎస్టేట్ ఆఫీసర్ ఆ వరసలో ఒకసారి నడిస్తే తెలిసిపోతుంది. ప్రతి సీజన్‌లోనూ కార్డు పట్టుకుని పొలానికి వెళ్లి పంట చూసి రావాలి. పంట లేని రోజుల్లో ఆ చోటు పంట ఉన్న మరో రైతుకు ఇవ్వాలి. అలా చేస్తే లోపల చోటు లేదన్న మాట చాలావరకు తగ్గుతుంది. పొలం నుంచి తెచ్చిన నాలుగు గంపల బెండకాయలూ రోడ్డు పక్కన గోనెపట్టా మీద పోసుకుని అమ్మే అసలైన రైతులు బయట చాలామందే ఉన్నారు. వాళ్లను లోపలికి పిలవడంతోనే పని మొదలు కావాలి.

ఇక బయటివాళ్లు. వాళ్లను ఆక్రమణదారులని పిలవడం అధికారులకు అలవాటైపోయింది. రోడ్డు పక్కన వ్యాపారం చేసుకోవడం రాజ్యాంగం ఇచ్చిన వృత్తి స్వేచ్ఛలో భాగమేనని, దానికి సహేతుకమైన ఆంక్షలు పెట్టవచ్చని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. వీధి వ్యాపారుల చట్టం 2014 మే 1 నుంచి అమల్లో ఉంది. సర్వే చేసి, ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదని ఆ చట్టం చెబుతోంది. ఆ తర్వాత తరలించాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. సరుకు పట్టుకుంటే అక్కడే జాబితా రాసి, సంతకం పెట్టి ఒక ప్రతి చేతికివ్వాలి. కూరగాయలు, పళ్లు లాంటి పాడైపోయే సరుకైతే నిర్ణీత రుసుము తీసుకుని, అడిగిన రోజే తిరిగివ్వాలి. మిగతావి రెండు పనిదినాల్లో ఇవ్వాలి. తోటకూర కట్టలు మున్సిపల్ ఆఫీసు వెనక కుళ్లిపోవడం చట్టప్రకారం జరగకూడని పని. ఈ సంగతి తెలియక ఎంతోమంది ఆ రోజు పెట్టుబడిని వదిలేసుకుని, మళ్లీ రోజువారీ వడ్డీకి అప్పు తెచ్చుకుంటున్నారు. బండి పెట్టుకున్న ప్రతి ఒక్కరూ ఆ జాబితా అడగండి. ఇవ్వకపోతే తేదీ, టైము, సరుకు వివరం రాసుకుని, ఫోన్లో ఫొటో తీసుకుని ఆ రోజే కమిషనర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి.

అదే చట్టం ప్రతి పట్టణంలోనూ వెండింగ్ కమిటీ ఉండాలంది. అందులో కనీసం 40 శాతం మంది వ్యాపారులే, తాము ఎన్నుకున్నవాళ్లే ఉండాలి. వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. ఎక్కడ అమ్ముకోవచ్చో, ఎక్కడ కూడదో ఆ కమిటీ మాట విని నిర్ణయించాలి. గేటును వదిలి, కొనేవాళ్లు నడిచివచ్చేంత దూరంలో బండ్లకు గీతలు గీసి చోటు చూపిస్తే లోపలి రైతుకూ ఊపిరాడుతుంది, బయటివాళ్లకూ లారీ భయం ఉండదు. మా అభిప్రాయంలో ఇంతకు మించిన దారి లేదు. అంబులెన్స్ వెళ్లే దారికి అడ్డంగా బండి పెట్టుకుంటామంటే మాత్రం ఎవరూ ఒప్పుకోకూడదు. గేటు ముందు దారి కొనేవాళ్లది కూడా.

లోపలివాళ్లకైనా బయటివాళ్లకైనా కొన్ని జాగ్రత్తలు ఒక్కటే. ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికోసారి, ఇనుప రాళ్లకు రెండేళ్లకోసారి తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేని కాటాతో ఎంత నిజాయితీగా తూచినా తనిఖీలో జరిమానా తప్పదు. ఆ శాఖవాళ్లు నెలలో ఒక రోజు రైతుబజారుకే వచ్చి కూర్చుంటే ఎవరూ పని మానుకుని తిరగక్కర్లేదు. ఫోన్‌పే, గూగుల్ పే రోజుల్లో దొంగతనం కూడా కొత్తరకంగా వచ్చింది. రద్దీలో ఒకడు డబ్బు వేసినట్టు పాత స్క్రీన్‌షాట్ చూపించి వెళ్లిపోతాడు, ఇంకొకడు రాత్రిపూట క్యూఆర్ స్టిక్కర్ మీద తనది అంటించిపోతాడు. పొద్దున్న కొట్టు తెరవగానే మీ స్కానర్‌కు మీరే ఒక రూపాయి వేయించి పేరు చూసుకోండి. సౌండ్‌బాక్స్ పలికాకే సంచి చేతికివ్వండి. డబ్బు రావడానికి పిన్ నొక్కాల్సిన పని ఎప్పుడూ ఉండదు. మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, గంటలు గడిచేకొద్దీ డబ్బు దొరకడం కష్టమవుతుంది.

పెట్టుబడి విషయానికొస్తే, వీధి వ్యాపారులకు కేంద్రం ఇచ్చే స్వనిధి రుణాన్ని 2030 మార్చి దాకా పొడిగించారు. మొదటి విడత 15,000, సకాలంలో కడితే రెండోది 25,000, తర్వాత 50,000 రూపాయలు. వడ్డీలో 7 శాతం రాయితీ ఉంది. మున్సిపాలిటీ ధ్రువపత్రం లేనివాళ్లు సిఫార్సు లేఖ తీసుకోవచ్చు. ఈ నాలుగు ముక్కలూ తెలుగులో రాసి మార్కెట్ గోడమీద పెట్టించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇంకొక్క సంగతి. తెల్లారక ముందే పల్లెల నుంచి వచ్చి, అమ్మకం అయ్యేదాకా పూటంతా కూర్చునేవాళ్లలో ఆడవాళ్లు చాలామంది. తాళం వేసిన మరుగుదొడ్డి, నీళ్లు రాని కుళాయి వాళ్లకు రోజూ నరకం. మరుగుదొడ్డికి వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేసి మండుటెండలో కూర్చుంటున్నారు. మార్కెటింగ్ శాఖ, మున్సిపాలిటీ ఒకరిమీద ఒకరు నెట్టుకోకుండా, మొదటి గంప దిగే వేళకే ఆ తలుపులు తెరిచి ఉండేలా, నీళ్లు ఉండేలా ఒక మనిషిని పెట్టాలి. బినామీ స్టాళ్ల తనిఖీకి, వెండింగ్ కమిటీ ఎన్నికకు నెలలు పట్టవచ్చు. ఈ పని మాత్రం వచ్చే సోమవారానికల్లా అయిపోవాలి.