కడుపు మ్యాప్ పంపేవాళ్లకి

ఈ వారంలో అదే బొమ్మ నాలుగోసారి వచ్చింది. ఈసారి మా పెద్దమ్మ పంపింది. పొట్ట మీద తొమ్మిది గళ్లు గీసి, కింద ఉపదేశం: అందరి అవయవాలూ ఒకే చోట, ఒకే సైజులో ఉంటాయట. కుడివైపు కింద గడిలో నొప్పి లేకపోతే అపెండిక్స్ కానే కాదట, వాము నీళ్లు చాలట. స్కాన్ మెషీన్లూ ఈ మ్యాప్‌తోనే పోలుస్తాయట. చివరగా, బరువులెత్తితే లోపలివి జరుగుతాయట.

ఒకే చోటా? సుమారు పదివేల మందిలో ఒకరికి గుండె, లివర్‌తో సహా అన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి. ఇక సైజంటారా, జపాన్ వాళ్ల కొలతలతో 1995లో కట్టిన లివర్ సైజు అంచనా వేసే ఫార్ములా పాశ్చాత్యులకు తక్కువ చూపించింది. వాళ్ల కోసం 2002లో ఇంకొకటి కట్టుకున్నారు. ఈ రెండింటికీ ఇంతకంటే టైం దండగ.

అసలు కోపం అపెండిక్స్ దగ్గర. దాని మొదలు పెద్దపేగుకు అతుక్కుని ఉంటుంది, కొస ఎటైనా పోవచ్చు. 1933లో వేక్లీ అనే సర్జన్ పదివేల కేసులు చూస్తే, దాదాపు 65 శాతం మందిలో అది పేగు వెనక దాక్కుని ఉంది. అలాంటిది వాస్తే ముందు నొక్కినా పెద్దగా తెలియకపోవచ్చు, నొప్పి నడుము పక్కన రావచ్చు. కిందికి కటిలోకి దిగి ఉంటే విరేచనాలో, ఒంటికి వెళ్లేటప్పుడు మంటో కనిపిస్తుంది. పైగా చాలామందికి నొప్పి మొదలయ్యేదే బొడ్డు చుట్టూ, కుడికి దిగేది తర్వాత. అంటే డాక్టర్ దగ్గరికి పరిగెత్తాల్సిన గంటల్లోనే మీ గడి "వాము తాగు" అంటోంది. వాము మీద నాకు పగ లేదు, అజీర్తికి మా ఇంట్లోనూ నములుతాం. పగిలిన అపెండిక్స్‌కి మాత్రం ఎంత మరిగించి తాగాలో గళ్లు గీసిన మహానుభావుడే చెప్పాలి.

మెషీన్‌లో ఏ మ్యాపూ లేదు స్వామీ. అవయవాలను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ వందల మంది సీటీ స్కాన్లు చూసి నేర్చుకుంటుంది. 2023లో వచ్చిన టోటల్‌సెగ్మెంటేటర్ అనే అలాంటి సాఫ్ట్‌వేర్‌కి 1,204 సీటీ స్కాన్లు వాడారు. అవయవాల ఆకారాలకి కంప్యూటర్ మోడల్ కట్టేవాళ్లయితే సగటు ఆకారం ఒక్కటే తీసి ఊరుకోరు, దాని నుంచి మనుషులు ఎటు, ఎంత తేడాగా ఉంటారో కూడా లెక్కగడతారు. ఒక్క మనిషి మ్యాపే కావాలంటే అదీ ఉంది. 1994లో అమెరికా వైద్య గ్రంథాలయం ఒక మగ శవాన్ని మిల్లీమీటరు చొప్పున కోసి ఫొటోలు బయటపెట్టింది. ఆయనకి అపెండిక్స్ లేదు, ముందే తీసేశారు. ఆ లెక్కన మనలో ఎవరికీ ఉండకూడదు మరి.

ఒక్కటి ఒప్పుకుంటాను. బరువుల సంగతి వదిలేయండి, లోపలివి జరుగుతాయన్న మాట మాత్రం నిజమే. ఊపిరి గట్టిగా తీసినప్పుడు కిడ్నీలు రెండు మూడు సెంటీమీటర్లు కిందికి దిగుతాయి, స్కాన్‌లో "ఊపిరి బిగబట్టండి" అనేది అందుకే. కానీ మొదటి పాయింటేమో ఒకే చోట ఉంటాయంటుంది, చివరిదేమో జరుగుతాయంటుంది. రాసినాయన రెండూ చదివాడో లేదో.