వాలిన రెప్ప అందం లెక్కలోకి ఎట్లా పోయింది?

హన్మకొండలో స్కిన్ క్లినిక్‌ల బోర్డులకు కొదవ లేదు. కళ్ల కింద సంచులు, నల్లటి వలయాలు, ముడతలు, అన్నింటికీ వైద్యం ఉందంటాయి. చేయించుకునేవాళ్లను వద్దనడానికి మనమెవరం? ముఖం వాళ్లది, డబ్బు వాళ్లది. కాకపోతే కంటి చుట్టూ ఫిల్లర్ ఇంజెక్షన్ పొరపాటున రక్తనాళంలోకి పోతే చూపే పోవచ్చని తెలిసి పోవాలి. నా పేచీ మాత్రం వేరే. రెప్పకు చేసే ప్రతి ఆపరేషన్నూ ఆ బోర్డుల ఖాతాలోనే వేసేస్తున్నాం. అందులో నలిగిపోతున్నది పసిపిల్లలు.

కొందరు పిల్లలకు పుట్టుకతోనే ఒక రెప్ప వాలి ఉంటుంది. డాక్టర్లు టోసిస్ అంటారు. రెప్పను లేపే కండరం సరిగా ఎదగకపోవడమే చాలావరకు కారణం. అలాంటి పిల్లవాణ్ని టీవీ ముందు గమనించండి. గదవ పైకెత్తి, కనుబొమ్మ లాగిపట్టి, నుదుటి మీద ముడతలు తెచ్చుకుని, రెప్ప కింది సందులోంచి చూస్తాడు. ఇంట్లోవాళ్లేమో "అచ్చం తాత పోలికే" అని మురిసిపోతారు. రెప్ప కనుపాపను కప్పేస్తే ఆ కంటి నుంచి మెదడుకు సరైన బొమ్మ అందదు. పూర్తిగా కప్పకపోయినా, రెప్ప ఒత్తిడికి నల్లగుడ్డు ఒంపు మారి సైటు రావచ్చు. మెదడు చూపు నేర్చుకునేది ముఖ్యంగా 7, 8 ఏళ్ల లోపే. అప్పుడు నేర్వని కన్ను 'లేజీ ఐ'గా మిగిలిపోతుంది.

మన ఇళ్లలో రెప్ప సంగతి గుర్తొచ్చేది ఆడపిల్లకు సంబంధాలు చూడటం మొదలుపెట్టాక. ఇరవై ఏళ్లకు ఆపరేషన్ చేస్తే రెప్ప లేస్తుంది, ఫొటో బాగొస్తుంది. చిన్నప్పుడు పోగొట్టుకున్న చూపు మాత్రం తిరిగి రావడం కష్టం. మగపిల్లవాడైతే ఆ వయసులో కూడా ఎవరూ పట్టించుకోరు.

నిబంధనలు కూడా ఒకదారిలో లేవు. కాస్మెటిక్ సర్జరీకి జీఎస్టీ మినహాయింపు లేదు గానీ, పుట్టుకతో వచ్చిన లోపాన్నో గాయాన్నో సరిచేయడానికైతే ఉంది. బీమా పాలసీల్లో కాస్మెటిక్ సర్జరీకి డబ్బు చెల్లించబోమనే క్లాజు వేరే మాట చెబుతుంది. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే సర్జరీకి ఒప్పుకుంటుంది. ఆరోగ్యానికి ప్రత్యక్షంగా, తక్షణంగా ముప్పుందని వైద్యుడు ధ్రువీకరిస్తే ఒప్పుకుంటుంది. పుట్టు లోపం అన్న మాట ఆ క్లాజులో లేదు. అసలు గీత ఎక్కడ గీస్తారు? ముడతల ఇంజెక్షన్‌గా పేరున్న బొటాక్స్‌కు 1989లో అమెరికా అనుమతిచ్చింది మెల్లకన్నుకు, ఆగకుండా కొట్టుకునే రెప్పలకు. ముడతలకు అనుమతి వచ్చింది 2002లో.

అందుకే కేస్ షీట్ మీద రాసే రెండు ముక్కలు కీలకం. కంట్లో టార్చ్ వేస్తే కనుపాప మీద మెరిసే చుక్క నుంచి పైరెప్ప అంచు దాకా మామూలుగా 4, 5 మిల్లీమీటర్లు ఉంటుంది. ఆ కొలత, ఒక ఫొటో, "చూపుకు అడ్డం పడుతోంది" అన్న వాక్యం ఉంటే బీమా అడగడానికి ఆధారం ఉంటుంది. ఉత్త "కాస్మెటిక్" అని గిలికేస్తే ఫైలు అక్కడే ఆగుతుంది.

2018 ఆగస్టు 15న మొదలైన తెలంగాణ ప్రభుత్వ కంటి పరీక్షల పథకం కంటి వెలుగులో, 2023 నాటి రెండో విడతలో ఎంతోమందికి కళ్లద్దాలు అందాయి. మంచి పనే. అద్దాలతో రెప్ప లేవదు కదా. పిల్లలను పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో పుట్టు శుక్లం ఉంది, వాలిన రెప్పకు విడిగా చోటు లేదు. దాన్ని పట్టుకోవడానికి పెద్ద మిషన్ అక్కర్లేదు, అంగన్‌వాడీ టీచర్ కన్ను చాలు.

పట్టుకున్నాక ఎక్కడికి పంపాలి? కండరంలో కాస్త బలముంటే దాన్నే బిగిస్తారు. లేకుంటే తొడలోంచి తీసిన పొరతోనో, సిలికాన్ పట్టీతోనో రెప్పను నుదుటి కండరానికి తగిలిస్తారు. చిన్నపిల్లలకు పూర్తి మత్తు ఇవ్వాలి. లేజీ ఐ ఉంటే తర్వాత నెలల తరబడి మంచి కంటికి ప్యాచ్ వేసి, మళ్లీ మళ్లీ చూపించాలి. ములుగు, భూపాలపల్లి నుంచి ప్రతిసారీ కూలి మానుకుని హైదరాబాద్ పొమ్మంటే మధ్యలోనే ఆపేస్తారు. రెప్పల కోసం ప్రత్యేకంగా ఒక ఓపీ రోజు, పిల్లలకు మత్తిచ్చే డాక్టరు వరంగల్ ప్రాంతీయ కంటి ఆసుపత్రిలోనే ఉండి తీరాలి.