వాతావరణ ఉపగ్రహం ఇన్సాట్-3డీఎస్ అబ్బాయికి, భవానీపురం నుంచి

ఒరే అబ్బాయ్, బాగున్నావా? 2024 ఫిబ్రవరి 17న మన శ్రీహరికోట నుంచే పైకెళ్లావు కాబట్టి 'మీరు' అనబుద్ధి కావట్లేదు, ఏమీ అనుకోకు.

నీ ఫొటోలు మాత్రం బ్రహ్మాండం. అక్కడెక్కడో అరేబియా ఎడారిలో దుమ్ము లేచి సముద్రం మీదుగా మనవైపు బయల్దేరితే, 36 వేల కిలోమీటర్ల పైన కూర్చుని ఇట్టే పట్టేస్తావు. అది దుమ్మో మబ్బో తేల్చడానికి రెండు పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) ఛానళ్లలో ఉష్ణోగ్రత చూసి ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తారట, దుమ్మైతే లెక్క మామూలుగా మైనస్‌లోకి పోతుందట. మా పై ఫ్లాట్ బాబాయి గారైతే పొద్దున్న కాఫీ కంటే ముందు ఫోన్‌లో ఢిల్లీ పొగ చూసి "అయ్యో పాపం" అనుకుంటారు.

ఆయన అలా జాలిపడుతుండగానే కింద వాచ్‌మన్ ఎండుటాకుల్లో పాల ప్యాకెట్లు కలిపి అంటిస్తాడు. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం వైపు నుంచి బూడిద లారీ పట్టా సరిగ్గా కట్టకుండా పోతుంది, డాబా మీద పాత చీర పరిచి మా ఆవిడ పెట్టిన పిండి వడియాలు మధ్యాహ్నానికల్లా మిరియాలు చల్లినట్టు తయారవుతాయి. వాటిని ఏం చేశామని అడక్కు, వేయించుకుని తిన్నాం.

ఇవేవీ నీకు కనపడవు. నిప్పుని పట్టే నీ ఛానల్ ఫొటోలో ఒక్కో గడి నాలుగు కిలోమీటర్లు, అంటే భవానీపురం, విద్యాధరపురం కలిపి నీకు దాదాపు ఒకటే చుక్క. అమెరికా వాళ్ల ఉపగ్రహాల్లో ఉండే వీర్స్ అనే పరికరం గడి 375 మీటర్లే గానీ, ఆ ఉపగ్రహాలు మన మీదుగా మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో ఒకసారి, అర్ధరాత్రి దాటాక మరోసారి పోతాయి. పొద్దు వాలాక అంటించి రాత్రి భోజనాల వేళకి ఆరిపోయే గడ్డి మంటకి అంతకంటే మంచి ముహూర్తం ఏముంటుంది! పైగా మీరందరూ నేల నుంచి ఆకాశం దాకా గాలిలో ఉన్న దుమ్మూ పొగా అంతా కలిపి ఒకే లెక్క చెప్తారు, అందులో నా ముక్కు దగ్గరున్నది ఎంతో, రెండు కిలోమీటర్ల పైన తేలిపోతున్నది ఎంతో ఎవరు విడదీస్తారు? మబ్బు పట్టిందా, ఇక ఆ లెక్క కూడా లేదు.

ఇందులో నీ తప్పేం లేదులే. నా బాధంతా నీ పేరు చెప్పుకునే వాళ్లతోనే. ఆ మధ్య పొగ గురించి ఫిర్యాదు చేద్దామని ఒక ఆఫీసుకి వెళ్తే, కుర్చీలో ఆయన కంప్యూటర్ ఇటు తిప్పి "శాటిలైట్‌లో అంతా క్లియర్‌గానే ఉందండీ" అన్నారు. చెబుతూనే దగ్గారు కూడా. నువ్వు చూడలేకపోయింది ఆయనకి క్లీన్ సర్టిఫికెట్ అయి కూర్చుంది.

అందుకని చిన్న సాయం చేసిపెట్టు నాయనా. నీ ఫొటో కింద ఒక్క లైను వేయించు: "ఈ గడిలో ఏం తగలబడుతోందో నాకు తెలీదు, వెళ్లి చూసి రండి" అని. తెలుగులోనే, కాస్త పెద్ద అక్షరాలతో. ఆయనకి కళ్లజోడు ఇంట్లో మర్చిపోయే అలవాటుంది.

ఇట్లు,
కిటికీ మూసుకుని కూర్చున్న
మీ బెజవాడ మావయ్య